కొత్తపట్నం వలలో కోడిపుంజు

ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్లి, పొద్దున్నే ఒడ్డున వల దులుపుతుంటే చూస్తూ నిలబడ్డాను. కవళ్లు, పీతల మధ్య అరచేతంత చేప ఒకటి పడింది. ఎర్రమట్టి రంగు ఒంటి మీద తెల్లటి చారలు, రెండు పక్కలా ఈకలు విప్పినట్టు రెక్కలు, వీపు మీద నిక్కబొడుచుకున్న ముళ్లు. నేను వంగేసరికి వల పట్టుకున్న పెద్దాయన కసిరాడు: "దాన్ని ముట్టుకోబాక సామీ! అది చచ్చినా ముల్లు చావదు."

అది లయన్ ఫిష్. తేలు చేపల కుటుంబం. అక్వేరియం అద్దాల వెనక చూసి, ఇది అండమాన్, లక్షద్వీప్ పగడపు దిబ్బల్లోనే ఉంటుందనుకుంటాం. మన తీరంలో చూస్తే ఇసుక, బురదే. మరి ఇక్కడికెలా వచ్చింది?

జవాబు తోకలో ఉంది. పగడపు దిబ్బల్లో ఎక్కువగా కనిపించే లయన్ ఫిష్‌లకు తోక మీద, వీపు రెక్క వెనక భాగం మీద నల్లచుక్కలు వరసలుగా ఉంటాయి. నేను గొంతుకూర్చుని చూసిన చేప తోక చుక్కల్లేకుండా, పల్చగా, గాజులా ఉంది. దాని శాస్త్రీయ నామం టెరాయిస్ రస్సెలీ. తీరానికి దగ్గర్లో ఇసుక, బురద నేలల మీద కూడా బతుకుతుంది కాబట్టే వలల్లో పడుతుంది.

ఆ పేరులోని రస్సెల్ ఎవరో తెలిస్తే ఈ చేప ఇంకా దగ్గరవుతుంది. ప్యాట్రిక్ రస్సెల్ ఈస్టిండియా కంపెనీ రోజుల్లో విశాఖపట్నంలో పనిచేసిన డాక్టరు. మన రక్తపింజరకు ఇంగ్లీషులో ఉన్నది ఆయన పేరే. విశాఖలో సేకరించిన 200 చేపల బొమ్మలతో ఆయన పుస్తకం 1803లో లండన్‌లో అచ్చయింది. అందులో ఈ చేపకు ఆయన రాసుకున్న పేరు 'కోడిపుంగి'. అది మన కోడిపుంజేనని నాకు గట్టి నమ్మకం. ఆ రెక్కలు చూశాక ఇంకో పేరు తట్టదు. 1831లో ఇంగ్లండ్ జంతుశాస్త్రవేత్త బెన్నెట్ దీనికి రస్సెల్ పేరు పెట్టాడు. 1852లో డచ్ డాక్టరు బ్లీకర్ ఈ జాతికే టెరాయిస్ కోడిపుంగి అని పేరు పెట్టాడు. ముందు పెట్టిన పేరే చెల్లుతుందన్న నియమం వల్ల అది నిలవలేదు. నిలిచుంటే ఎంత బాగుండేదో! మన జాలర్ల నోటిమాట ప్రపంచమంతా పలికేది.

ఆ రెక్కలు అందానికే కాదు. చిన్న చేపలను మూలకు తోలి, కోడిపిల్లల మీద గంప మూసినట్టు దారి మూసేసి, ఒక్క గుటకలో మింగుతుంది.

విషం మాత్రం పక్క రెక్కల్లో లేదు. వీపు మీద 13, పొట్ట కింద 2, తోక దగ్గర అడుగున 3, మొత్తం 18 ముళ్లలో ఉంది. ముల్లు ఇంజెక్షన్ సూదిలా బోలుగా ఉండదు. దాని పొడవునా గాడి, గాడిలో విషగ్రంథి, పైన పల్చటి చర్మం. గుచ్చుకున్నప్పుడు ఆ చర్మం వెనక్కి జరుగుతుంది, గ్రంథి నలిగి విషం గాడి వెంట గాయంలోకి దిగుతుంది. చేప ప్రాణంతో ఉండక్కర్లేదు. పెద్దాయన మాట అక్షరాలా నిజం.

ఈ విషంలో ముఖ్యమైనవి ప్రోటీన్లు, వేడికి చెడిపోతాయి. గుచ్చుకుంటే కట్లు కట్టొద్దు, ఐసు పెట్టొద్దు. ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచాలి. నీటి వేడిని బాగున్న చేత్తోనే చూడండి. నొప్పిలో ఉన్న చెయ్యి కాలినా తెలియదు. ఆ తర్వాత ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

నేను తిరిగొచ్చేటప్పటికి పెద్దాయన తెడ్డుతో ఇసుకలో లోతుగా గుంట తీసి, చేపను పుల్లతో అందులోకి నెట్టి పూడ్చేస్తున్నాడు. కాస్త దూరంలో పిల్లలు చెప్పుల్లేకుండా పరిగెడుతున్నారు.