ఎత్తిపోతల దగ్గర చలెందుకు వేసిందంటే

గుంటూరు,
రోహిణి కార్తె

చిరంజీవి బుజ్జికి తాతయ్య దీవించి రాయునది.

రోళ్లు పగిలే ఎండల్లో ఎత్తిపోతల జలపాతం దగ్గర చలెందుకు వేసిందని మొన్న కారులో అడిగావు. నిద్రమత్తులో ‘నీళ్లు కదమ్మా’ అనేశాను. అది జవాబు కాదని ఇంటికొచ్చాక నాకే తోచింది. ఈ ఉత్తరం తమ్ముడికీ చదివి వినిపించు.

నా చిన్నప్పుడు మన ఇంట్లో ఏసీ ఎక్కడిది? కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టేవాళ్లు. చెంబుతో వాటిని తడపడం నా డ్యూటీ. బయట వడగాలి ఈడ్చి కొట్టేది. అదే గాలి తడిక దాటి లోపలికొస్తే చల్లగా, వేళ్ల వాసనతో కమ్మగా ఉండేది. నీళ్లు ఆవిరి కావాలంటే వేడి కావాలి కదా, దాన్ని గాలి దగ్గరే లాక్కుంటాయి. ఓసారి గోళీల్లో పడి తడపడం మరిచాను. నాన్న చెమటతో నిద్రలేచి ఒక్క మాట అనలేదు. చెంబెడు నీళ్లు తెచ్చి నా నెత్తిన గుమ్మరించారు!

ఎత్తిపోతల కూడా తడికే. కొండ కిటికీ, చంద్రవంక వాగు చెంబు, తడిక ఎత్తేమో 70 అడుగులు. పైనుంచి సాగర్ కాలువ నీళ్లూ వదులుతారు కాబట్టి వేసవిలోనూ ఆరదు. పైగా మన తడికకు గాలి బయటినుంచి రావాలి. జలపాతానికి ఆ బాధ లేదు, పడే నీళ్లే గాలిని తమతో లాక్కొస్తాయి. మెట్లు దిగుతుంటే మన మొహాన కొట్టింది అదే. ఇక తుంపరకు నీ గౌను తడిసిపోయిందా, అప్పుడు నువ్వే తడికవయ్యావు. వణకవూ మరి?

నేను మొదటిసారి వెళ్లింది మాచర్ల మీటర్ గేజ్ రైల్లో, మామయ్యతో. ఎత్తిపోతల 2022లో పల్నాడు జిల్లాలోకి పోయింది గానీ, నా నోటికి ఇప్పటికీ గుంటూరు జిల్లానే. కింద మడుగులో మొసళ్లున్నాయని మామయ్య చెబితే, ఈతకు పోకుండా బెదిరిస్తున్నాడనుకున్నాను. నిజంగానే ఉన్నాయి. ఇన్నేళ్లకు మళ్లీ చూస్తే రోడ్డు మారింది, జనం పెరిగారు, నీళ్ల హోరు మాత్రం అదే. రాళ్ల సందుల్లో చిప్స్ కవర్లు మాత్రం అప్పుడు లేవు. తమ్ముడు పారేసినదాన్ని నువ్వు వెళ్లి ఏరావు చూడు, అది నాకు నచ్చింది.

పెరట్లో రెండు కుండలున్నాయి. ఒకటి మామూలుది, ఇంకోదానికి మీ అమ్మ ముచ్చటపడి బయటంతా రంగు వేసింది. రెండింట్లో నీళ్లు పోసి రేపు మధ్యాహ్నం తాగి చూడు. ఏది చల్లగా ఉందో ఫోన్ చేసి చెప్పు.

మీ తాతయ్య