మన తీరంలో అడవి పూలు, వాటి పేర్లు: అపోహలు - వాస్తవాలు

ఏళ్ల తరబడి బోటనీ చెప్తున్నాను, ఏటా డిగ్రీ పిల్లల్ని కోనసీమ తీరం వెంట, కోరంగి మడ అడవుల్లో తిప్పుతుంటాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఇవే మాటలు వినపడతాయి.

అపోహ: పేరులో ‘ఇండికా’ ఉంటే మన మొక్కే.

కాదండీ. కాలవ గట్ల మీద ఎర్రగా పూసే మెట్టతామర పేరు కెన్నా ఇండికా, పుట్టిల్లు మాత్రం అమెరికా ఉష్ణ ప్రాంతాలు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ ఆ పేరు పెట్టే నాటికి యూరప్ వాళ్లకి తూర్పు దేశాలూ ‘ఇండీసే’, అమెరికా వైపు దీవులూ ‘ఇండీసే’. ఇసుక నేలల్లో తనంతట తనే మొలిచే బిళ్ళగన్నేరు కూడా మనది కాదు, మడగాస్కర్‌ది. బలురక్కసి ఒక్కటే ఊరి పేరు దాచుకోలేదు: ఆర్జిమోన్ మెక్సికానా.

అపోహ: శాస్త్రీయ నామాలన్నీ లాటినూ గ్రీకే, మన భాషకి అక్కడ చోటు లేదు.

ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. కుందేటి కొమ్ములు అనే మొక్క ఉంది, డెల్టాలో కాదు, మెట్టలో రాళ్ల మధ్య పెరుగుతుంది. సామర్లకోటలో తోట వేసి మన మొక్కల్ని బొమ్మలతో సహా నమోదు చేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో దాన్ని వర్ణిస్తూ, తెలుగువాళ్లు దీన్ని ‘కారల్లం’ అంటారని రాశాడు. తర్వాత రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త పెట్టిన ప్రజాతి పేరు, అంటే శాస్త్రీయ నామంలో మొదటి మాట, కారల్లూమా. అది అరబ్బీ మాట అని చాలాచోట్ల రాస్తుంటారు గానీ, రాక్స్‌బర్గ్ రాసింది చూశాక నాకైతే అనుమానం లేదు, అది మన మాటే.

అపోహ: ఇసుక మీద పాకే తీగ పిచ్చిమొక్క, పీకేస్తే బీచ్ శుభ్రం.

అంతర్వేది, ఓడలరేవు వైపు ఇసుక మీద ఊదా రంగు గరాటుల్లా పూసే బాలబంద తీగ గురించే ఇది. పేరు ఐపోమియా పెస్-కాప్రే. ‘పెస్-కాప్రే’ అంటే మేక పాదం. ఒక ఆకు కోసి అరచేతిలో పెట్టుకోండి, కొస దగ్గర రెండుగా చీలి అచ్చం మేక గిట్టలా ఉంటుంది. ఐపోమియా అంటే పురుగులాంటిదని, మెలికలు తిరిగి పాకుతుంది కాబట్టి. తీగని మెల్లగా పైకెత్తితే గణుపు గణుపుకీ వేర్లు, ప్రతి వేరుకీ పట్టుకున్న తడి ఇసుక. పొద్దున్నే విచ్చిన పువ్వు మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది కాబట్టి ఎండెక్కాక వచ్చినవాళ్లకి ఆ అందం కనపడదు, పిచ్చితీగ అంటారు. ఒకచోట శుభ్రం పేరుతో మొత్తం పీకేశారు, ఆ వేసవి గాలికి ఇసుకంతా లేచి రోడ్డెక్కింది.

అపోహ: పేరు తెలిస్తే ఏంటి, తెలియకపోతే ఏంటి?

కోరంగిలో తిల్ల చెట్టు పేరు ఎక్సికేరియా. కళ్లు పోగొట్టేది అని అర్థం. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. పిల్లలకి ముందు పేరు చెప్పాకే ఆ చెట్టు దగ్గరికి వెళ్లనిస్తాను.

అపోహ: మడ చెట్లు పూయవు.

పూస్తాయి, పడవలోంచి చూస్తే కనపడవంతే. ఒక రకం మడ చెట్టుకి కొమ్మ కొసన నాలుగు రేకలతో పసుపు, నారింజ కలిసిన చిన్న చిన్న పూలు, చుట్టూ తేనెటీగలు. ఆ చెట్టు ప్రజాతి పేరు అవిసీనియా, వెయ్యేళ్ల కిందటి వైద్యుడు ఇబ్న్ సీనా పేరు మీద పెట్టింది. ఈసారి కోరంగి వెళ్తే చెక్క వంతెన మీద ఒక్క నిమిషం ఆగి, ముందు తేనెటీగల చప్పుడు వినండి, అది ఎటునుంచి వస్తోందో అటు చూడండి.