గులాబీ త్రికోణం: ఖైదీ చొక్కా మీది గుడ్డముక్క

మోసగాణ్ని మనం ‘ఫోర్ ట్వంటీ’ అంటాం. మన పాత శిక్షాస్మృతిలోని సెక్షన్ నంబరే తిట్టయి కూర్చుంది. జర్మన్లకూ అలాంటి నంబరొకటి ఉండేది: 175. మగవాళ్ల మధ్య లైంగిక సంబంధాన్ని నేరంగా చెప్పిన సెక్షన్ అది, 1871 నాటి శిక్షాస్మృతిలోది. గే మగవాళ్లని ‘నూట డెబ్బై ఐదుగాళ్లు’ అని వెక్కిరించేవారు. 17వ తేదీ, 5వ నెల కాబట్టి మే 17 మీద కూడా జోకులు నడిచేవి. గే హక్కుల కోసం జరిగే ప్రైడ్ ఊరేగింపుల్లో బ్యాడ్జీల మీదా టీషర్టుల మీదా కనిపించే గులాబీ రంగు త్రికోణం వెనక ఉన్నది ఈ నంబరే.

చట్టం ఉన్నా 1920లలో బెర్లిన్‌లో గే బార్లూ పత్రికలూ నడిచాయి. మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ అనే డాక్టరు ఆ సెక్షన్ ఎత్తేయాలని ఏళ్ల తరబడి పోరాడాడు. లైంగికత మీద పరిశోధనకు 1919లో ఒక సంస్థే పెట్టాడు. హిట్లర్ గద్దెనెక్కిన నాలుగు నెలల్లోనే, 1933 మేలో, నాజీలు దాన్ని దోచుకుని పుస్తకాలను బహిరంగంగా తగలబెట్టారు. 1935లో సెక్షన్‌ను ఇంకా బిగించారు. నాజీల హయాంలో దాదాపు లక్ష మందిని అరెస్టు చేశారు, 50 వేలకు పైగా మందికి శిక్షలు పడ్డాయి. వాళ్లలో 5 వేల నుంచి 15 వేల మంది దాకా నిర్బంధ శిబిరాలకు వెళ్లారు.

శిబిరంలో ఎవరు ఏ ‘నేరం’ మీద వచ్చారో చూడగానే తెలియాలని చొక్కాకి గుడ్డ త్రికోణం కుట్టేవారు. రాజకీయ ఖైదీలకు ఎరుపు, పాత నేరస్తులకు ఆకుపచ్చ, యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖవాళ్లకు ఊదా. గే మగవాళ్లకు గులాబీ, మొన కిందికి. యూదుడూ గే కూడా అయితే పసుపు త్రికోణం అదనం. 175 ఆడవాళ్లకు వర్తించేది కాదు కాబట్టి ఈ గుర్తు మగవాళ్లదే. గులాబీ త్రికోణం ఉన్నవాడంటే తోటి ఖైదీలకు కూడా లోకువే. శిబిరాలకు వెళ్లినవాళ్లలో దాదాపు 60 శాతం మంది చనిపోయారని సమాజశాస్త్రవేత్త రూడిగర్ లాట్‌మన్ అంచనా.

‘నాజీలు అవమానంగా తగిలించిన గుర్తును గే ఉద్యమం గర్వంగా పెట్టుకుంది’ అని ఇప్పుడు ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు. తప్పు కాదు. కానీ ఆ ఒక్క ముక్కలో దాదాపు 30 ఏళ్లు మాయమైపోతాయి.

1945లో శిబిరాల గేట్లు తెరుచుకున్నాయి, సెక్షన్ 175 మాత్రం కదల్లేదు. పశ్చిమ జర్మనీలో నాజీలు బిగించిన రూపంలోనే 1969 దాకా అమల్లో ఉంది. 1957లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం అది సబబేనని తీర్పిచ్చింది. యుద్ధం తర్వాత కూడా దానికింద మరో 50 వేల మందికి శిక్షలు పడ్డాయి. మిగతా బాధితులకు నష్టపరిహారం ఇస్తూ చేసిన చట్టంలో వీళ్లకు చోటు లేదు. ‘నేనూ శిబిరంలో ఉన్నాను’ అని నోరు తెరిస్తే, ఎందుకని అడుగుతారు. చెబితే మళ్లీ కేసు. ఇంక ఎవరు చెబుతారు?

ఆ మౌనం 1972లో కొంత బద్దలైంది. వియన్నాకు చెందిన జోసెఫ్ కోహౌట్ అనుభవాలు మారుపేరుతో పుస్తకంగా వచ్చాయి. 1939లో అరెస్టయి, సాక్సెన్‌హౌసెన్, ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరాల్లో బతికి బయటపడ్డవాడాయన. మరుసటి ఏడాది పశ్చిమ బెర్లిన్‌లోని ఒక గే బృందం ఈ త్రికోణాన్ని అందరూ పెట్టుకుందామని పిలుపునిచ్చింది. పెట్టుకున్నవాళ్లు చాలావరకు యుద్ధం చూడని కుర్రాళ్లు.

అమెరికాలో దీనికి ఇంకో అర్థం తోడైంది. ఎయిడ్స్ పేరు చెబితేనే జనం వణికిపోతున్న 1986లో, ఎయిడ్స్ ఉన్నవాళ్ల ఒంటిమీద పచ్చబొట్టు పొడవాలని విలియం బక్లీ అనే కాలమిస్టు న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. మళ్లీ మనుషులకు గుర్తులు వేయడమా! మరుసటి ఏడాది న్యూయార్క్ గోడల మీద ఒక పోస్టర్ వెలిసింది. నల్లటి కాగితం మీద గులాబీ త్రికోణం, ఈసారి మొన పైకి. కింద ‘మౌనం = మరణం’. ఆరుగురు మిత్రులు కలిసి చేసిన ఆ పోస్టర్‌ను ఎయిడ్స్ బాధితుల కోసం పోరాడేందుకు అప్పుడే పుట్టిన యాక్ట్ అప్ ఉద్యమం తన జెండాలా వాడుకుంది.

ఈ గుర్తు అందరికీ నచ్చలేదు. హిట్లర్ ఇచ్చింది మనకెందుకు, మనది మనమే చేసుకుందాం అనుకున్న గిల్బర్ట్ బేకర్ అనే కళాకారుడు 1978లోనే శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంద్రధనుస్సు జెండా కుట్టాడు. వేడుకలకు అదే బాగుంటుంది, నిజమే. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1987లో, గే అయినందుకు హింసకు గురైనవాళ్లకు స్మారకం కట్టినప్పుడు మాత్రం గులాబీ రాతి త్రికోణాలనే ఎంచుకున్నారు. వాటిలో ఒకదాని మొన డైరీ రాసిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ నాజీలకు దొరక్కుండా దాక్కున్న ఇంటివైపు చూస్తుంది.

నాజీల కాలంలో 175 కింద పడ్డ శిక్షలను జర్మనీ రద్దు చేసింది 2002లో. యుద్ధం తర్వాత పడ్డవాటిని 2017లో. కోహౌట్ 1994 మార్చిలో చనిపోయాడు. ఆ జూన్‌లోనే సెక్షన్ 175 పూర్తిగా పోయింది. ఆయన చొక్కా మీది త్రికోణం ఇప్పుడు వాషింగ్టన్‌లో, నాజీల మారణహోమాన్ని గుర్తుచేసే హోలోకాస్ట్ మ్యూజియంలో ఉంది.