కరువు జిల్లాలో కట్ట తెగితే

2019 డిసెంబర్ 31న వనపర్తి జిల్లాలో సరళాసాగర్ కట్ట తెగింది. అప్పటికి వానాకాలం పోయి చాన్నాళ్లయింది, బంగాళాఖాతంలో తుఫాను కూడా లేదు. దాదాపు పదేళ్ల తర్వాత నిండిన జలాశయం, ఆ ముచ్చట తీరకముందే దిగువనున్న రామన్‌పాడు జలాశయం వైపు ఖాళీ అయిపోయింది.

అది మామూలు ప్రాజెక్టు కాదు. వనపర్తి సంస్థానాధీశుడు రామేశ్వరరావు తల్లి పేరిట తలపెట్టగా 1959లో ప్రారంభమైంది. అక్కడ వరద వస్తే గేట్లు ఎత్తడానికి మనిషి అక్కర్లేదు, సైఫన్లున్నాయి. మట్టం హద్దు దాటగానే నీళ్లు సైఫన్ మూపు ఎక్కి అవతలికి దిగుతూ లోపలి గాలిని లాక్కుపోతాయి. గాలంతా పోయి గొట్టం నిండా నీరు పట్టాక ధార ఒక్కసారిగా పెరుగుతుంది. మట్టం తగ్గి గాలి మళ్లీ చొరబడితే దానంతటదే ఆగిపోతుంది. వరదకు దారివ్వడంలో దానికి తిరుగులేదు. కట్ట కడుపులో ఏం జరుగుతోందో మాత్రం సైఫన్‌కు తెలియదు. అది తెలియాలంటే కట్ట మీద మనిషి నడవాలి.

పాలమూరు, నల్లగొండ అనగానే మనకు కరువే గుర్తొస్తుంది. కరువుకు, గండికి ఉన్న చుట్టరికం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. చెరువు ఏళ్ల తరబడి ఎండితే కట్ట మట్టి నెర్రెలు బారుతుంది. ఎలుకలు, ఎండ్రికాయలు బొక్కలు చేస్తాయి. చెదలు పుట్టలు పెడతాయి. కట్టకు పెరిగిన సర్కారు తుమ్మను కొట్టేస్తే వేళ్లు లోపలే కుళ్లి, వేరు ఉన్నచోట సన్నటి సొరంగం మిగులుతుంది. నీళ్లు లేనన్నాళ్లు ఇవేవీ బాధించవు. ఒక్కసారిగా చెరువు నిండిందా, ఆ దారులన్నిట్లోకి నీరు ఒత్తిడితో దూరుతుంది.

మట్టి కట్టకు ఊట సహజమే, దానికి భయపడక్కర్లేదు. చూడాల్సింది ఊట నీటి రంగు. తేటగా వస్తుంటే నీరొక్కటే వస్తోందని లెక్క. బురదగా వస్తుంటే కట్ట మట్టి కూడా కొట్టుకొస్తోందన్నమాట. మట్టి పోయినకొద్దీ దారి పెద్దదవుతుంది, దారి పెద్దదైనకొద్దీ నీరు ఇంకా వేగంగా మట్టిని కోస్తుంది. పొద్దున చేతి వేలంత ఉన్న బుంగ మధ్యాహ్నానికి గండి కావచ్చు. అప్పుడు జనం చేసే మొదటి పని, బయటి వైపు బుంగకు బంకమట్టి కొట్టి మూసేయడం. అది చేయకూడదు. దారి మూసుకుపోయిన నీరు ఒత్తిడి పెంచుకుని పక్కన ఇంకోచోట తన్నుకొస్తుంది. బుంగ మీద ముందు ఇసుక, దానిమీద కంకర, ఆపైన పెద్ద రాళ్లు పరవాలి. నీరు బయటికి పోవాలి, మట్టి లోపలే ఆగాలి. చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా గోడ కట్టి నీరు కొంత ఎత్తు నిలిచేలా చేస్తే ఊట జోరు తగ్గుతుంది. బంకమట్టి పనికొచ్చేది లోపలి వైపు, నీరు దూరే నోటి దగ్గరే.

తీర గ్రామాల్లో తుఫాను షెల్టర్లున్నాయి, మైకులో చాటింపు వేస్తారు, పడవలు ఒడ్డుకు చేర్చుకుంటారు. వాయుగుండం తీరం దాటగానే టీవీలకు కథ ముగిసినట్టే. తీరానికి దూరంగా ఉన్న మనకు మొదలయ్యేది అప్పుడే. 2020 అక్టోబర్ 13న కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల దాకా కురిసింది. 2024 సెప్టెంబర్ 1న కోదాడ నీట మునిగింది, నడిగూడెం దగ్గర నాగార్జునసాగర్ ఎడమ కాలువకు గండి పడింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే పట్టుకోగల ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది కాబట్టి ఇలాంటి వానలు ముందుముందు ఇంకా ముమ్మరమవుతాయి. చదరపు కిలోమీటరు మీద 10 సెంటీమీటర్లు పడితే 10 కోట్ల లీటర్లు. అయిదు రోజుల్లో పడితే నేల చాలావరకు తాగుతుంది. అయిదు గంటల్లో పడితే అందులో ఎక్కువ భాగం చెరువులోకే వస్తుంది.

మన చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు నిండాక అలుగు మీదుగా, అంటే మిగులు నీరు పొర్లిపోయే గోడ మీదుగా, దిగే నీరే కిందిదాన్ని నింపుతుంది. పైది తెగితే ఆ నీరంతా ఒక్కసారిగా కిందికొస్తుంది. అంత నీటిని వదలడానికి కింది అలుగు చాలదు. అలాంటప్పుడు పై ఊరి అలుగు ఎంత ఎత్తున పారుతోందో కింది ఊరికి తెలియడం పెద్ద రక్ష. దీనికి రాడార్ అక్కర్లేదు. అలుగు గోడకు రంగుతో జానెడేసి గీతలు, గొలుసులోని ఊళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు చాలు.

ఒకప్పుడు ఈ పని నీరటిది. తూము తీయడం, అలుగు చూడడం, వాన రాత్రి కట్ట మీద తిరగడం ఆయన వంతు. ప్రతిఫలం కల్లం దగ్గర గింజలు, కొన్నిచోట్ల ఇనాం భూమి. చెరువుల బాగుకు 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడిక తీసింది, కట్టలు బలపరిచింది. కట్ట మీద నడిచే మనిషిని మాత్రం ఇవ్వలేదు. చెరువు నిండితే నాయకులు వస్తారు, గంగమ్మకు చీర, పసుపు కుంకుమ, ఫొటో. కట్టకు బయటి వైపు దిగి ఊట చూసినవాళ్లు ఆ ఫొటోల్లో కనపడరు.

ఇక తేలని తగవంతా అలుగు దగ్గరే. ఆయకట్టు రైతు అలుగు మీద రాళ్లు పేర్చి ఇంకో జానెడు నీరు ఆపుతాడు. ఆ జానెడు కట్ట పైఅంచుకు, నీటికి మధ్య ఉండాల్సిన ఖాళీ. శిఖం భూమిలో, అంటే చెరువు నిండితే మునిగే లోపలి నేలలో, వరి వేసినవాడు తన మడి మునుగుతుందని రాత్రికి రాత్రి అలుగు పగలగొడతాడు. చేపలు వాగు పట్టిపోకుండా మత్స్య సంఘం ఇనుప జాలీ బిగిస్తుంది, దానికి గుర్రపుడెక్క, చెత్త అడ్డం పడతాయి. అలుగు పొడవులో సగం మూసుకుపోతే, నీటి ఎత్తు మారనంతవరకు బయటికి పోయే నీరూ సగమే. ముగ్గురివీ పొట్టకూటి లెక్కలే, ఒక్కరినీ దొంగ అనలేం.

జాలీ ఎప్పుడు తీయాలి, చేపలు పోతే సంఘానికి ఆయకట్టు ఎంతిస్తుంది, ఎంత మట్టానికి రాళ్లు తొలగించాలి అన్నది చెరువులో నీళ్లు లేని ఎండాకాలంలోనే గ్రామసభలో రాసుకోవాలి. కట్ట బీటవారుతున్న రాత్రి, మెడలోతు నీళ్లలో జాలీకున్న బోల్టులు ఎవరికీ ఊడి రావు.