జిలినా సినగాగ్: సీలింగ్ వెనక దాక్కున్న గుమ్మటం

యూదులు ప్రార్థన చేసుకున్న చోట ఆర్ట్ ఎగ్జిబిషన్లు, కచేరీలు పెట్టడమేంటని మొదట విన్నప్పుడు నాకు మనసు ఒప్పలేదు. స్లొవేకియాలో జిలినా అనే ఊరుంది, అక్కడి సినగాగ్ ఇప్పుడు అలాంటి హాలే. దాని వెనక కథంతా తెలుసుకున్నాక నా అభిప్రాయం మారింది.

పాతది చాలక ఆ ఊరి యూదులు కొత్తది కట్టుకుందామనుకుని డిజైన్ల పోటీ పెడితే జర్మన్ ఆర్కిటెక్టు పీటర్ బెహ్రెన్స్ గెలిచాడు. బెర్లిన్‌లో ఏఈజీ టర్బైన్ ఫ్యాక్టరీ కట్టినాయన, తర్వాత పెద్ద ఆర్కిటెక్టులైన గ్రోపియస్, మీస్, లె కార్బూజియే ముగ్గురూ కుర్రాళ్లుగా ఉన్నప్పుడు పనిచేసింది ఈయన ఆఫీసులోనే. (మన చండీగఢ్ గీసిన కార్బూజియేనే.) 1931కల్లా కట్టడం పూర్తయింది. కింద రాతి గోడ, దాని మీద తెల్లటి నున్నటి గోడలు, నడినెత్తిన కాంక్రీటు గుమ్మటం. చిన్న ఊరు అంత పెద్ద ఆర్కిటెక్టుని పిలిపించుకుందంటే ఇక్కడే తరతరాలు ఉంటామన్న నమ్మకంతోనే కదా.

పట్టుమని పదకొండేళ్లు కూడా దక్కలేదు. 1942 మార్చి నుంచి అక్టోబర్ దాకా నాజీ జర్మనీకి తోడుగా ఉన్న స్లొవేకియా ప్రభుత్వం దాదాపు 58 వేల మంది యూదుల్ని రైళ్లెక్కించి నాజీ క్యాంపులకి పంపేసింది, పైగా పంపిన ఒక్కో మనిషికీ 500 మార్కుల లెక్కన జర్మనీకి ఎదురు డబ్బు కట్టింది. ఊళ్ల నుంచి పట్టుకొచ్చిన వాళ్లని రైలెక్కించే ముందు ఉంచిన క్యాంపుల్లో ఒకటి జిలినాలోనే. మళ్లీ అదే ఊరికి 1944 ఏప్రిల్‌లో ఆష్విట్జ్ అనే నాజీల మరణ శిబిరం నుంచి తప్పించుకున్న ఇద్దరు, రుడాల్ఫ్ వ్ర్బా, ఆల్ఫ్రెడ్ వెట్జ్లర్, కట్టెల గుట్ట కింద మూడు రోజులు ఊపిరి బిగబట్టి దాక్కుని, కొండలూ అడవులూ నడిచి చేరుకున్నారు. లోపల ఏం జరుగుతోందో పూసగుచ్చినట్టు చెప్పిన వాళ్ల రిపోర్టు రాసింది అక్కడే. ఈ సంగతి తెలియకుండా ఆ బిల్డింగ్ గురించి మాట్లాడటం నా దృష్టిలో తప్పు.

యుద్ధం అయ్యాక అంత పెద్ద మందిరాన్ని నిలబెట్టుకునేంత మంది మిగల్లేదు. కమ్యూనిస్టుల కాలంలో అది యూనివర్సిటీ హాలైంది, ఆ తర్వాత సినిమా హాలు. మన దగ్గర పాత సినిమా హాళ్లు ఫంక్షన్ హాళ్లయినట్టే ఎవరి అవసరానికి వాళ్లు లోపల ఏవేవో కట్టుకుంటూ పోయారు, చివరికి గుమ్మటం వాటి వెనక మరుగున పడింది. బయట నుంచి కనిపిస్తూనే ఉంది, లోపల కూర్చున్న వాళ్లకి మాత్రం లేదు.

2011లో ట్రుక్ స్ఫెరిక్ అనే సంస్థ ముందుకొచ్చింది. అదే ఊళ్లో ఒక చిన్న రైల్వే స్టేషన్‌ని స్టానిత్సా పేరుతో సాంస్కృతిక కేంద్రంగా మార్చింది వీళ్లే. గ్రాంట్లు, చందాలు, వాలంటీర్ల చేతిపని, ఇలా ఏళ్ల తరబడి సాగింది. తర్వాత చేర్చినవన్నీ పీకేసి లోపల తలెత్తి చూస్తే బెహ్రెన్స్ గీసిన గుమ్మటం అక్కడే ఉంది! 2017లో తలుపులు తెరిచారు, ఇప్పుడు దాని పేరు నోవా సినగోగా, అంటే కొత్త సినగాగ్.

వీళ్లు సినగాగ్ అన్న పేరు తీసేయలేదు, నాకు అదే బాగా నచ్చింది. ఇంకోటి, ఇది కొనుక్కున్న ఆస్తి కాదు. బిల్డింగ్ ఇప్పటికీ ఆ ఊరి యూదు సమాజానిదే, ట్రుక్ స్ఫెరిక్‌కి అద్దెకిచ్చింది వాళ్లే, ఏడాదికి 1 యూరోకి.