కుక్క కరిచింది సరే, ఎక్కడ?

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మా పిన్నిని పోయిన ఏడాది వీధికుక్క కరిచింది. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం గుమ్మం దిగింది, వెనక నుంచి వచ్చి పిక్క పట్టేసింది. నాలుగు పంటిగాట్లు. కాలు కుళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట కడిగి ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడిచ్చిన ఓపీ చీటీ చూశాను. ఎక్కడ కరిచింది అని అడిగి 'ఎడమ కాలి పిక్క' అని రాసుకున్నారు. ఏ వీధిలో కరిచిందో ఎవరూ అడగలేదు, రాయలేదు. నష్టపరిహారం అడుగుదామని కూర్చున్నాక తెలిసింది, ఆ రాయని మాటే అన్నిటికన్నా ముఖ్యమని.

ఒకప్పుడు ఆ మాటతో పనే లేదు. చట్టం అడిగింది ఒక్కటే, ఆ కుక్క ఎవరిది?

1860 నాటి భారత శిక్షాస్మృతిలో 289వ సెక్షన్ ఉండేది. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా జాగ్రత్త పడని వాడికి ఆరు నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అప్పుడు పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి ఊరు అటు వెళ్లింది, పక్కనున్న పాతపట్నం ఇటు, ఇప్పటి ఆంధ్ర వైపు మిగిలింది. 1992లో గజపతి జిల్లా వచ్చింది. ఇన్ని మారినా ఆ వెయ్యి రూపాయలు మాత్రం 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చేదాకా అలాగే ఉన్నాయి. ఇప్పుడది 291వ సెక్షన్, జరిమానా 5,000 వరకు. అది కూడా తప్పు చేసినవాడికి వేసే శిక్షే. కరిపించుకున్న మనిషికి ఎంత నష్టం జరిగిందన్న లెక్క అందులో లేదు.

ఆ లెక్క తేలాలంటే సివిల్ కోర్టుకు వెళ్లాలి. కుక్కకాటు పరిహారానికి మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. కోర్టులు ఇంగ్లండ్ నుంచి వచ్చిన సూత్రాల మీదే నడిచాయి. ఆ కుక్కకు కరిచే గుణం ఉందని యజమానికి ముందే తెలుసా అన్నది పాత ప్రశ్న. అందుకే పెంచుకునేవాళ్లు ఇప్పటికీ మొదట అనే మాట "మా కుక్క ఇంతవరకూ ఎవర్నీ కరవలేదండీ". తెలియకపోయినా, గొలుసు లేకుండా రోడ్డు మీదికి వదలడం నిర్లక్ష్యమేనని వాదించవచ్చు. సరిహద్దు ఊళ్లవాళ్లకు ఇంకో వీలుంది. యజమాని పాతపట్నం వాడై, కాటు పర్లాకిమిడిలో పడితే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ సెక్షన్ ప్రకారం రెండు చోట్లలో ఎక్కడైనా దావా వేయవచ్చు. ఎక్కడన్నది బాధితుడి ఇష్టం.

పిన్నిని కరిచిన కుక్కకు యజమాని లేడు. అసలు చిక్కంతా ఇక్కడే.

2001లో కేంద్రం కుక్కల సంతాన నియంత్రణ నిబంధనలు తెచ్చింది. వీధికుక్కల్ని పట్టుకుని, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. 2023లో వచ్చిన కొత్త నిబంధనలు కూడా ఈ పనిని మున్సిపాలిటీలు, పంచాయతీల మీదే పెట్టాయి. ఈ పద్ధతి నాకు సమ్మతమే. చంపడం పరిష్కారమని నేను అనుకోను. కానీ పని ఎవరిదో చట్టమే రాసి పెట్టినప్పుడు, అది జరగక మనిషి గాయపడితే బాధ్యత కూడా వాళ్లదే కదా! ఏ వీధో తెలిస్తేనే ఆ 'వాళ్లు' ఎవరో తేలేది.

ఆ మాట ధైర్యంగా అడగడానికి దారి వేసినవాళ్లలో ఒడిశా తల్లి ఒకరున్నారు. 22 ఏళ్ల కొడుకు పోలీసు కస్టడీలో చనిపోయాడని నీలాబతి బెహరా సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశారు. కోర్టు దాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుంది. 1993లో లక్షన్నర రూపాయలు ఇప్పించింది. ప్రాథమిక హక్కుకు భంగం కలిగినప్పుడు, 'మేం ప్రభుత్వం, మమ్మల్ని అడగకూడదు' అన్న పాత వాదన చెల్లదని చెప్పింది. కుక్కలకూ ఆ కేసుకూ సంబంధం లేదు. కానీ కుక్కకాటు బాధితులు హైకోర్టుల్లో పరిహారం అడుగుతున్నది ఆ దారిలోనే. నిధులు లేవని మున్సిపాలిటీ తప్పించుకోలేదని 1980లోనే మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పి ఉంది.

కేరళలో బాధితుల పరిహారం తేల్చడానికి 2016లో సుప్రీంకోర్టు జస్టిస్ సిరిజగన్ కమిటీని వేసింది. 2023లో పంజాబ్, హర్యానా హైకోర్టు రేటు కూడా చెప్పింది. ఒక్కో పంటిగాటుకు కనీసం 10,000, కండ ఊడివస్తే ప్రతి 0.2 సెంటీమీటర్ల గాయానికి కనీసం 20,000. ఆ తీర్పు ఒడిశా కోర్టులు పాటించి తీరాల్సింది కాదు, వాదనలో చూపించుకోవచ్చు. 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి వీధికుక్కల్ని తీసేయాలని, మళ్లీ అక్కడే వదలకూడదని ఆదేశించింది. అంటే కాటు పడిన చోటును బట్టి కూడా బాధ్యత మారుతోంది.

పెద్దవాళ్లు ఇప్పటికీ బొడ్డు చుట్టూ 14 సూదులని భయపడతారు. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ పాత టీకా తయారీ 2004తో మన దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు నాలుగైదు విడతలు, చేతికే. కూలి చేసుకునే మనిషికి ప్రతి విడతా ఒక రోజు కూలి పోవడమే. గాయం లోతుగా ఉంటే, రేబిస్‌ను వెంటనే అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే సూదిమందు కూడా కావాలి. బస్సు టికెట్లు, మందుల బిల్లులు, పోయిన కూలి ఇవన్నీ నష్టం లెక్కలోకే వస్తాయి, కాగితం ఉంటే. లాయరు ఫీజు గురించి టెన్షన్ పడేవాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచిత సాయం అందుతుంది.

మూడో విడతకు పిన్నితో నేనే వెళ్లాను. "డాక్టరుగారూ, ఏ వీధిలో కరిచిందో కూడా రాయండి" అని అడిగాను. ఆయన ఒక్క క్షణం ఆగి, పిక్క అన్న మాట కింద వీధి పేరు, తారీఖు, టైము రాసి సంతకం పెట్టారు.