అడుగులు కూర్చినవారికి అవార్డు: మాస్కో బెన్వా నుంచి రామప్ప పేరిణి దాకా

2023 మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చిన రోజు ఉమ్మడి వరంగల్ జిల్లా చూపంతా చల్లగరిగ మీదే. చిట్యాల మండలంలోని ఆ ఊరు పాట రాసిన చంద్రబోస్ సొంతూరు. అవార్డు పాటకు కాబట్టి సంగీత దర్శకుడు కీరవాణి, రచయిత చంద్రబోస్ అందుకున్నారు. న్యాయమే. అయితే ప్రపంచం ఆ పాటను నోటితో కంటే కాళ్లతోనే ఎక్కువ పాడింది. ఆ అడుగులు కూర్చిన ప్రేమ్ రక్షిత్ పోటీపడదామన్నా ఆస్కార్‌లో అలాంటి విభాగం లేదు. ఒకప్పుడు ఉండేది. 1935 నుంచి 1937 వరకు వచ్చిన చిత్రాలకు మూడేళ్లపాటు డాన్స్ డైరెక్షన్‌కు విడిగా అవార్డు ఇచ్చి, తర్వాత ఎత్తేశారు. చివరికి ప్రేమ్ రక్షిత్‌కు ఆ గుర్తింపు మన జాతీయ చలనచిత్ర అవార్డుల్లో దక్కింది.

ఆడినవారు కళ్లముందుంటారు, కూర్చినవారు తెర వెనకే ఉండిపోతారు. ఈ తేడాను పట్టించుకున్న అంతర్జాతీయ పురస్కారాల్లో ముందు చెప్పుకోవాల్సింది 'బెన్వా ద లా డాన్స్'. 1991లో మాస్కోలో దీన్ని నెలకొల్పారు. 1992 వసంతంలో తొలిసారి ఇచ్చారు. మాస్కోలోని పేరుమోసిన బొల్షోయ్ థియేటర్ బ్యాలే బృందాన్ని మూడు దశాబ్దాలు నడిపించిన యూరీ గ్రిగోరోవిచ్ మొదటి నుంచీ దీని జ్యూరీకి పెద్దదిక్కు. ఆయన 2025లో కన్నుమూశారు. జ్యూరీ సభ్యులు ఏటా మారతారు. గడిచిన ఏడాది వేదికలెక్కిన పనినే చూస్తారు, అభ్యర్థులను వాళ్లే ప్రతిపాదిస్తారు. ఉత్తమ నర్తకి, ఉత్తమ నర్తకుడితో పాటు నృత్య దర్శకుడికి ప్రత్యేకంగా ఒక బహుమతి ఉంటుంది. క్రిస్టఫర్ వీల్డన్ 2015లో, కెనడాకు చెందిన క్రిస్టల్ పైట్ 2017లో దాన్ని అందుకున్నారు. వీల్డన్‌ది షేక్స్‌పియర్ నాటకం ఆధారంగా కూర్చిన బ్యాలే, పైట్‌ది ప్యారిస్ ఒపేరా బృందం కోసం చేసిన కూర్పు.

విశేషమేమంటే, ఈ నృత్య పురస్కారానికి పేరిచ్చిన అలెగ్జాండ్ర్ బెన్వా (1870–1960) నర్తకుడు కాదు, చిత్రకారుడు. రష్యన్ బ్యాలేను యూరప్‌కు చూపించిన నిర్వాహకుడు దియాగిలెవ్ బృందానికి రంగాలంకరణ చేసినవాడు. 1911 నాటి 'పెత్రూష్క' బ్యాలేకు దృశ్య రూపకల్పన ఆయనదే, కథ అల్లడంలోనూ చేయి ఉంది. సంగీతం స్ట్రావిన్‌స్కీది, నృత్య రచన ఫోకిన్‌ది. విజేతలకిచ్చే ప్రతిమను చెక్కిన ఇగోర్ ఉస్తినోవ్ కూడా బెన్వా వంశం వాడే. ఒక బ్యాలేలో ఎవరెవరి పని ఎంతో చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి పేరు దొరకదనిపిస్తుంది.

కూర్చినవారిని విడిగా గుర్తించే ఈ దశకు చేరడానికి యూరప్‌కు రెండు శతాబ్దాలకు పైగా పట్టింది. 1760లో ఫ్రెంచి నృత్యకారుడు నోవెర్ తన 'లేఖల'లో, బ్యాలే అంటే సొగసైన అడుగుల ప్రదర్శన కాదనీ, కథను దేహంతో చెప్పాలనీ వాదించాడు. ఆయన పుట్టిన ఏప్రిల్ 29నే 1982 నుంచి అంతర్జాతీయ నృత్య దినోత్సవం జరుపుతున్నారు. అయితే వాదనలతోనే పేర్లు నిలవలేదు, కాగితం నిలబెట్టింది. 19వ శతాబ్దం చివర్లో స్తెపానోవ్ అనే నర్తకుడు అడుగులను సంగీత స్వరాల మాదిరిగా రాసే పద్ధతి కనిపెట్టాడు. రష్యాలో బ్యాలేలు కూర్చిన నృత్య దర్శకుడు పెతిపా పనిని ఆ పద్ధతిలో రాసిపెట్టుకున్నారు. విప్లవం తర్వాత సెర్గేయెవ్ అనే రంగస్థల నిర్వాహకుడు ఆ కాగితాలను రష్యా దాటించాడు, ఇప్పుడవి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. 2015లో నృత్య దర్శకుడు రత్మాన్‌స్కీ వాటిని చూసే పెతిపా 'స్లీపింగ్ బ్యూటీ'ని పాత రూపంలో మళ్లీ నిలబెట్టాడు. పెతిపా పోయి అప్పటికి నూరేళ్లు దాటింది, అయినా అడుగు ఆయనదేనని రుజువుంది.

మనకూ కాగితం ఉంది. పెతిపా కంటే ఆరు శతాబ్దాల ముందుది. కాకతీయ గణపతిదేవుని గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి, జాయప 1253–54లో 'నృత్తరత్నావళి' రాశాడు. ఎనిమిది అధ్యాయాల్లో సగం మార్గ (శాస్త్రీయ) నృత్యానికి, సగం దేశి (ప్రాంతీయ, జన) నృత్యానికి. ఆ దేశి భాగంలోనే పేరణి (ఇవాళ పేరిణి అంటున్నది), ప్రేంఖణం, రాసకం, చర్చరి, కందుకం వగైరా వస్తాయి. ఓ సేనాని యుద్ధతంత్రం వదిలి జనం ఆడే ఆటల మీద ఇంత ఓపిగ్గా రాయడం నాకెప్పుడూ ఆశ్చర్యమే. కానీ ఆయన రాసింది లక్షణం. ఫలానా నృత్యం ఎలా ఉండాలో చెప్పాడు తప్ప, ఫలానా రోజు ఫలానా గురువు ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేయించాడో చెప్పలేదు. ఓరుగల్లులో ఆనాడు నృత్యాలు కూర్చిన ఒక్కరి పేరూ అందులోంచి మనం ఏరుకోలేం. అదే కాలపు రామప్ప గుడి (1213) మాత్రం కట్టించిన రేచర్ల రుద్రుడి పేరుతో కంటే శిల్పి పేరుతోనే జనం నోట నిలిచింది.

ఆ పుస్తకం, ఈ గుడి శిల్పాలు, ఈ రెండూ చేతబట్టుకుని నటరాజ రామకృష్ణ (1923–2011) పేరిణిని తిరిగి వేదిక మీదికి తెచ్చారు. 1985 శివరాత్రికి పాలంపేటలో, రామప్ప ముంగిట జరిగిన ప్రదర్శన ఆ ప్రయత్నానికి పతాక ఘట్టం. అప్పటి నుంచి హనుమకొండలో ప్రభుత్వ ఉత్సవమంటే పేరిణి ఉండాల్సిందే. 'కాకతీయుల నాటి నృత్యం' అని మైకులో ప్రకటిస్తారు. రామకృష్ణ గారి పేరు చెబితే 'పునరుద్ధరించిన వారు' అని చెబుతారు.

నా అభిప్రాయంలో ఆ మాట ఆయన పనిని తగ్గిస్తుంది. జాయప చెప్పిన పేరణిలో గజ్జెల పనితనంతో పాటు పాట ఉంది, పొగడ్త ఉంది, నవ్వించే అనుకరణ కూడా ఉంది. ఇవాళ మనం చూసే పేరిణిలో పైచేయి వీరానిది, శివావేశానిది. శిల్పం ఒక్క భంగిమను చూపిస్తుంది, ముందు వెనకల కదలికను చూపించదు. ఆ ఖాళీలన్నీ పూరించి, తాళానికి కట్టి, కుర్రాళ్ల చేత ఆడించింది ఒక మనిషి. దాన్ని నృత్య రచన అనక ఏమనాలి? బెన్వా తొలిసారి ఇచ్చిన 1992లోనే ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పద్మ పురస్కారం మనిషి మొత్తం సేవకు ఇచ్చేది, ఫలానా కూర్పుకు కాదు. కేంద్ర సంగీత నాటక అకాడమీలో సృజనాత్మక నృత్యానికి చోటుంది, 1960లో ఉదయ్ శంకర్ ఆ కోవలోనే అవార్డు అందుకున్నారు. అదీ వ్యక్తి కృషికిచ్చేదే.

అలాగని బెన్వా కొలతను ఉత్తర తెలంగాణ అంతటికీ వేయలేం. ఆసిఫాబాద్ జిల్లా మర్లవాయికి చెందిన, గోండుల గుస్సాడి నృత్యం నేర్పే గురువు కనక రాజుకు 2021లో, జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. దండారి పండుగలో గోండులు ఆడే అడుగుకు కర్త ఎవరని అడిగితే గూడెం మొత్తాన్ని చూపించాలి. అక్కడ నేర్పిన గురువును గౌరవించడమే సబబు. పేరిణి సంగతి అలా కాదు. దాని ఇప్పటి రూపానికి కర్త పేరు తెలుసు, కాలం తెలుసు, చోటు కూడా తెలుసు.

ఇది అవార్డుల దగ్గర ఆగే విషయమూ కాదు. 1957 కాపీరైట్ చట్టం నృత్య రచనను నాటక రచనల్లో కలిపింది, కాకపోతే రాతలోనో మరో విధంగానో స్థిరపరచి ఉండాలంది. కన్నడ రచయిత శివరామ కారంత్ పాత యక్షగానాన్ని తనదైన బ్యాలేగా మలిచి, దాని హక్కులను వీలునామాలో తన సహాయకురాలికి రాశారు. ఆయన పోయాక ఆ ప్రదర్శనలపై వచ్చిన వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2009లో కోర్టు ఆ హక్కును గుర్తించింది. సంప్రదాయం అందరిదైనా, దాని మీద ఒకరు కొత్తగా కూర్చింది వారిదే అవుతుందన్నమాట. మన చట్టంలో ఆ హక్కు కర్త మరణించాక 60 ఏళ్లు ఉంటుంది. రామకృష్ణ కూర్పులకు ఇదే వర్తిస్తే, 2071 చివరి దాకా ప్రతి పేరిణి కరపత్రం మీదా 'నృత్య రచన' అన్న చోట ఆయన పేరుండాలి.